బాలుర పఠనవిధి: విరామకాకువుల చరిత్రము

తెలుగున "చదువు" అను మాట యొక్కటియే రెండు పనులకుఁ జెల్లుచున్నది. గ్రంథమును గంఠమెత్తి పఠించుటయుఁ జదువే. విద్య నేర్చుటయుఁ జదువే. "వాఁడు చదువుకొన్నవాఁడు" అన్నపుడు విద్యావంతుఁడని యర్థము. "ఈ పద్యము చదువుము" అన్నపుడు నోటితోఁ బలుకుమని యర్థము. పూర్వులకు విద్య చెవిద్వారమున నబ్బి నోటియందు నిలిచినదగుటచే నీ రెండర్థములను వేఱుపఱుప నక్కఱ కలుగలేదు. శిష్యుఁడు పలికిన తీరునుబట్టియే వానికిఁ దెలిసినదియుఁ దెలియనిదియు గురువునకు గోచరించుచుండెను.

కాలక్రమమున నీ రెండును విడిపోయినవి. అక్షరమొక్కటియుఁ దప్పక పలుకుచు, నర్థము లేశమైన నెఱుఁగని బాలుఁడు గూడ "బాగుగాఁ జదువుచున్నాఁడు" అనిపించుకొనుచున్నాఁడు. ఈ లోపమును గనుగొన్న యుపాధ్యాయులు "భావయుక్తముగాఁ జదువుము" అని విధించుచున్నారు. విధి మంచిదే. కాని భావయుక్తపఠన మనఁగా నేమి? అది రాగమా, అభినయమా, అర్థజ్ఞానఫలమా? ఇది తేలనిదే యా విధి బాలునకుఁ బ్రయోజనపడదు. ఇది పాశ్చాత్యవిద్యతో వచ్చిన క్రొత్త సంప్రదాయమని కొందఱును, మన పఠనము మొదటినుండియు రాగప్రధానమేయని మఱికొందఱును దలంచుచున్నారు. ఈ రెండు తలంపులును విచారణకు నిలువవని నా యభిప్రాయము. శాస్త్రములలో నీ విషయ మెట్లు చెప్పఁబడినది, తెలుగునాట నది యెట్లు సడలినది, నేఁడెచ్చటఁ జక్కఁబఱుపవచ్చును అను మూఁటిని గ్రమముగాఁ బరిశీలింతము.

ముందుగా వ్యాకరణమును జూతము. పాణిని శబ్దసాధుత్వమును మాత్రమే విచారించెననియు, వక్త హృదయముతో నతనికిఁ బని లేదనియుఁ దలఁచుట సరికాదు. అష్టాధ్యాయిలో నెనిమిదవ యధ్యాయము రెండవ పాదమున 82వ సూత్రము మొదలుకొని ప్లుతప్రకరణము నడచుచున్నది. ప్లుతమనఁగా మూఁడు మాత్రల యచ్చు. అది యెప్పుడు వచ్చునో చూడుఁడు. దూరమున నున్నవానిఁ బిలుచునపుడు వచ్చునని 84వ సూత్రము చెప్పుచున్నది. బెదరించునపుడు రెండుమాఱులు పలికిన సంబోధనమున వచ్చునని 95వది. ఇదియా, అదియా యని వితర్కించునపుడు వచ్చునని 97వది. అసూయ, మెప్పు, కోపము, నింద అను నాలుగింటను ద్విరుక్తమైన సంబోధనమునఁ బూర్వపదమునకు స్వరితప్లుతము కలుగునని 103వది. ఇవి యన్నియు వక్త మనోభావమునుబట్టి కంఠస్వరము మాఱుననుటకు నియమములే కదా! కోపించినవాని పిలుపును, మెచ్చినవాని పిలుపును నొక్కతీరున నుండవని గమనించి, యా భేదమును వ్యాకరణమునందే చేర్చిన ఘనత మన శాస్త్రకారులది.

దీనికి భిన్నముగా స్వరభేదము లేని యేకశ్రుతి యొకటి కలదు. కాని దాని విషయము పరిమితము. మొదటి యధ్యాయము రెండవ పాదమున 33వ సూత్రము దూరసంబోధనమునందును, 34వ సూత్రము యజ్ఞకర్మమునందును నేకశ్రుతిని విధించినవి. ఆ యజ్ఞకర్మమునందును జపమును, న్యూంఖమును, సామములును మినహాయింపఁబడినవి. పిదప వేదవిషయమున వికల్పము చెప్పఁబడినది. అంతియేకాని లౌకికవాక్యమున కంతటికిని నేకశ్రుతి సామాన్యధర్మమని యెచ్చటను లేదు. కనుక బడులలో వినవచ్చు నేకస్వరపఠనమును బ్రాచీనసంప్రదాయమని సమర్థించుట కుదరదు. అది యొక విశేషవిధిని సర్వత్ర వ్యాపింపఁజేయుట యగును.

స్వరము తప్పిన నర్థ మెంత దూరము పోవునో తెలుపుటకు మహాభాష్యము పస్పశాహ్నికమున నింద్రశత్రు శబ్దము నుదాహరించుట పండితు లెఱిఁగినదే. ఇంద్రునిఁ జంపువాఁడు పుట్టవలయునని కోరి చేసిన కర్మమున నంతోదాత్తముగాఁ బలుకవలసిన శబ్ద మాద్యుదాత్తముగాఁ బలుకఁబడెను. తత్పురుషము పోయి బహువ్రీహి వచ్చెను, చంపవలసినవాఁడే చచ్చెను. ఇందు గమనింపవలసిన దేమనఁగా, అక్షర మొక్కటియు మాఱలేదు. వ్రాసి చూచినచో రెండును నొక్కటే. భేదమంతయు గొంతులోనిది. వ్రాఁతకు లొంగని యర్థాంశ మొకటి కలదనియు, దానిని నిలుపవలసినవాఁడు పఠించువాఁడే యనియు నీ కథ తెలుపుచున్నది.

పాణినీయశిక్షయందుఁ బఠించువారి గుణదోషములు స్పష్టముగా లెక్కింపఁబడినవి. పాడుచుఁ జదువువాఁడు, తొందరపడి చదువువాఁడు, తలయూఁచుచుఁ జదువువాఁడు, వ్రాఁతనుబట్టి చదువువాఁడు, అర్థ మెఱుఁగక చదువువాఁడు, సన్నగొంతువాఁడు అను నార్గురు నధములు. మాధుర్యము, అక్షరములు స్ఫుటముగాఁ బలుకుట, పదచ్ఛేదము, మంచి స్వరము, ధైర్యము, లయ అను నాఱును గుణములు. ఆఁడుపులి తన పిల్లలను గోఱలతోఁ బట్టుకొని పోవునపుడు గాయపఱుపక, జాఱవిడువక యెట్లు మెలఁగునో, వర్ణముల నట్లు పలుకవలయునని యా శిక్షయే చెప్పుచున్నది. ఈ పట్టికలలో రెండంశములు మన ప్రస్తుతవిచారమునకు ముఖ్యములు. గానమును, అర్థాజ్ఞానమును నొక్క వరుసలోనే దోషములుగాఁ జెప్పఁబడినవి. పదచ్ఛేదము గుణములలోఁ జేర్పఁబడినది. వేదము నధ్యయనము చేసియు నర్థ మెఱుఁగనివాఁడు బరువు మోయు స్తంభమువంటివాఁడని నిరుక్తము మొదటి యధ్యాయమునఁ జెప్పిన మాటయు దీనికిఁ దోడగుచున్నది.

వ్యాకరణశిక్షలలో బీజరూపమున నున్న దానిని భరతుఁడు నాట్యశాస్త్రమున వాచికాభినయప్రకరణమున విస్తరించెను. పాఠ్యమునకు సప్తస్వరములు, ఉరఃకంఠశిరస్సులను మూఁడు స్థానములు, నాలుగు వర్ణములు, రెండు కాకువులు, ఆఱలంకారములు, ఆఱంగములు అతఁడు చెప్పెను. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము ననునవి యలంకారములు. కాకువనఁగా నర్థమునుబట్టి కలుగు కంఠధ్వనివికారము. ఇంకను వినవలసినది కలదని తోఁపించునది సాకాంక్షము. వాక్యము ముగిసినదని తోఁపించునది నిరాకాంక్షము. ఈ విభాగ మెంత సూక్ష్మమో యుపాధ్యాయులు తలపోయవలయును. బాలుఁడు ప్రతి పంక్తికిని గొంతు దించినచో నది నిరాకాంక్షకాకువు. వాక్యము ముగియకున్నను ముగిసినదని వినువానికిఁ దోఁచును. ఇంతకంటె ముఖ్యమైనది విరామమును గూర్చి భరతుఁడు చేసిన నిర్ణయము. విరామ మర్థము ముగిసినచోటఁ జేయవలసినదే కాని ఛందస్సునుబట్టి చేయవలసినది కాదని యతఁడు తేల్చిచెప్పెను. నాట్యమునకై చెప్పినదైనను నీ మాట బడికిని జెల్లును. ఏలయన రెండుచోట్లను వినువాని కర్థము చేర్చుటయే ఫలము.

క్రీస్తుశకము 900 ప్రాంతమున నున్న రాజశేఖరుఁడు కావ్యమీమాంస సప్తమాధ్యాయమునఁ గాకువును, ఆయా దేశములవారి పఠనరీతులను విచారించెను. ఈ గ్రంథము 1916లో బరోడా గైక్వాడు ప్రాచ్యగ్రంథమాల ప్రథమపుష్పముగా వెలువడినది. కర్ణాటులు రసమేదైనను జివర టంకారముతో గర్వముగాఁ బఠింతురనియు, ద్రావిడులు గద్యమైనను బద్యమైనను బాటగాఁ జదువుదురనియు నతఁడు విమర్శించెను. ఆ విమర్శ న్యాయమో కాదో మన కిపుడు విషయము కాదు. రసభేదము పాటింపక యన్నిటిని నొకే వరుసలోఁ జదువుట వేయియేండ్లకుఁ బూర్వమే రసికులకుఁ దప్పుగాఁ దోఁచెనని మాత్ర మిందువలన సిద్ధించుచున్నది.

శాస్త్ర మిట్లుండఁగాఁ దెలుగుబడులలోఁ బఠన మేల సడలెను? గురువుల యశ్రద్ధ యొక్కటియే కారణము కాదు. మన లిపియు, మన సంధియు, మన ఛందస్సును బాలునకుఁ గల్పించు చిక్కులు కొన్ని కలవు.

మొదటిది తాళపత్రలేఖనము. ఆకులమీఁదఁ బదములకు నడుమ నెడము లేదు, వాక్యచిహ్నములును లేవు. అక్షరములు వరుసగా సాగిపోవును. పదము విఱుచుభార మంతయుఁ జదువరిదే. రెండవది సంధి. "రాజు ఏమి ఇచ్చెను" అనునది "రాజేమిచ్చెను" అగును. అర్థ మెఱుఁగని బాలుఁడు దీనిని "రాజే, మిచ్చెను" అని విఱుచును. అపుడు ప్రశ్న పోయి, లేని యవధారణము వచ్చి, "మిచ్చెను" అను లేని క్రియ పుట్టును. ప్రథమమీఁది పరుషములకు గసడదవలు వచ్చుటచే "చెప్పెను" అనునది "అతఁడు సెప్పెను" అనియుఁ, "పోయెను" అనునది "వాఁడు వోయెను" అనియు మాఱును. ఇంట నెన్నఁడును వినని "వోయెను" అను రూపమును బాలుఁడు గుర్తింపలేఁడు. గుర్తింపలేని మాటకు భావము నెట్లు కూర్చును?

మూఁడవది యతి. ఇచ్చటఁ బండితులును గొంత యేమఱుచుండుట కలదు. సంస్కృతమున యతియనఁగా విచ్ఛేదము. నాలుక విశ్రమించు తావు. అచ్చటఁ బదము ముగియవలయును. శార్దూలవిక్రీడితమునఁ బండ్రెండవ యక్షరముతో నట్టి విచ్ఛేదము కలదు. తెలుగున యతియనఁగా వళి. పాదము మొదటి యక్షరమునకు నిర్ణీతస్థానమున మైత్రి గల యక్షరము నిలుపుట. శార్దూలమున నది పదుమూఁడవ యక్షరము, మత్తేభమునఁ బదునాలుగవది, ఉత్పలమాలయందుఁ బదియవది, చంపకమాలయందుఁ బదునొకండవది. మైత్రి కుదిరినఁ జాలును. పద మచ్చట ముగియ నక్కఱలేదు. వళిస్థానము పదమధ్యమున నుండవచ్చును. అంతేకాక పాదాంతమునఁ బదము విఱిగి తరువాతి పాదమునకు సాగుటయుఁ దెలుగుకవుల కభ్యనుజ్ఞాతమే. కాఁబట్టి సంస్కృతయతినిబట్టి తెలుగుపద్యమున వళికడను, బాదాంతమునను నిలుపుట నేర్పినచోఁ బదములు రెండుగాఁ దెగి యర్థము చెడును. పేరొక్కటియైనను ధర్మము వేఱని బోధింపకపోవుటచే నీ దోషము బడులలో వేళ్లూనినది.

ఈ చిక్కులతోఁ బాటు తెలుగున కొక సౌకర్యమును గలదు. మన భాషలోఁ గాకువు కొంతవఱకుఁ బ్రత్యయరూపమునఁ బైకిఁ గనఁబడును. "వచ్చెనా" అన్నఁ బ్రశ్న, "వచ్చెనో" అన్న సందేహము, "వచ్చెనే" అన్న నవధారణమో యాశ్చర్యమో. ఒక్క యచ్చు మాఱిన వక్త మనస్సు మాఱినట్లే. కాని యిదియుఁ జాలదు. "నేను రానా?" అని యడిగినవాఁ డనుమతి కోరుచుండవచ్చును, తప్పక వత్తునని చెప్పుచుండవచ్చును. ఆ భేదము ప్రత్యయమునఁ గాక కంఠముననే తెలియును.

పందొమ్మిదవ శతాబ్ది మొదట మన బడుల స్థితి యెట్లుండెనో తెలుపు నాధార మొకటి కలదు. మదరాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822 జూన్ 25న వ్రాసిన మినిట్ననుసరించి దేశీయపాఠశాలల వివరములను బంపుఁడని కలెక్టరులను గోరిరి. బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న ప్రత్యుత్తరము వ్రాసెను. ఈతఁడు 1816లోఁ దెలుగువ్యాకరణమును బ్రకటించినవాఁడగుటచే భాషావిషయమున నీతని మాట కొంత విలువగలది. ఆ జిల్లాలో 9,27,857 జనులకు 533 విద్యాలయములును, 6,641 విద్యార్థులును గలరని యతఁడు లెక్క యిచ్చెను. అందు 235 కన్నడపు బడులు, 226 తెలుగుబడులు.

బాలు రయిదవయేటఁ బ్రవేశించుటయు, నిసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుటయు, ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పుటయు నతఁడు వర్ణించెను. ఈ కడపటి పద్ధతిని మెచ్చుకొనెను. కాని పఠనవిషయమున నతని తీర్పు కఠినము. బడిలోఁ జదువు పుస్తకములు కావ్యభాషలో నున్నవి. అక్షరము లొక్కటేయగుటచేఁ జదువుట వచ్చును గాని, వ్యవహారభాషకు దూరమగుటచే నర్థము తెలియదు. గురువులలోఁ బెక్కండ్రకును దెలియదు. బాలురు లెక్కలేని పద్యములను జిలుకవలె నొప్పగింతురు అని యతని నివేదికసారము. దేశము నానాఁటికి బీదపడుటచేఁ బిల్లలను బడికిఁ బంపలేని కుటుంబములు పెరుగుచున్నవనియు నందే వ్రాసెను. పరదేశీయుఁడు చెప్పినమాట యని దీనిని ద్రోసివేయరాదు. శిక్షాకారుఁడు చెప్పిన యనర్థజ్ఞునే యతఁడు బళ్ళారిబడులలోఁ జూచెను. మన శాస్త్రమే మన బడులమీఁద నిచ్చిన తీర్పుగా దానిని గ్రహింపవలయును.

తరువాత నచ్చుపుస్తకములు ప్రబలెను. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది; అట్టి వచనగ్రంథములు బడులఁ జొచ్చుటచే బాలురకుఁ బద్యముతోఁ బాటు గద్యపఠనమును గలిగెను. ఇంగ్లీషుపుస్తకములనుండి కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నచిహ్నము మొదలైనవి తెలుగచ్చులోనికి వచ్చెను. ఇవి యర్థవిరామమునకు గుర్తులే కనుక భరతుని నియమము కాగితముమీఁదఁ గనఁబడినట్లయ్యెను. కాని చిహ్నము స్వరమును బుట్టింపలేదు. కామాకొక లెక్క, ఫుల్‌స్టాపునకు నాలుగు లెక్కలు నిలువవలయునను నియమము గొన్ని యాంగ్లబోధకగ్రంథములలోఁ గలదు. దానిని బట్టి చదివినఁ దాళము మాఱును గాని యర్థము మాఱదు. వెనుక వళికడ నిలిచినవాఁడు నేఁడు చుక్కకడ నిలుచును. రెండుచోట్లను నేల నిలిచితివని యడిగినచోఁ జెప్పలేఁడు.

బళ్ళారియే రంగస్థలచరిత్రమునను మన విచారమున కుపకరించుచున్నది. అచ్చట సరసవినోదినీసభను నడపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1886లోఁ జిత్రనళీయమును బ్రదర్శించి, తెలుగునాటకమునఁ బాటలకును రాగయుక్తపద్యములకును బ్రాధాన్యము తెచ్చెను. ఆ మార్గము జనరంజకమై యాంధ్రదేశమంతటను బ్రాఁకెను. నాటకపద్యము పల్లెపల్లెను వినఁబడుటచేఁ బద్యమనిన రాగమే యను భావము బడిపిల్లలకును గలిగెను. ఆచార్యులవారి మేనల్లుఁడే బళ్ళారి రాఘవ (1880–1946). ఈయన పద్యమును రాగమున సాగఁదీయక, యర్థమునకుఁ దగిన విఱుపుతో మాటవలెఁ బలికి, భావమునే ముఖ్యము చేసెను. ఒక్క యింటిలోనే రెండు మార్గములు వెలసెను. రాగము రంగమునకుఁ దగదని నేననను. సంగీతము తన యానందమును దాను గలిగించును. కాని బడిలో రాగమునకొక యపాయము కలదు. అది యర్థము తెలియని లోపమును గప్పిపుచ్చును. మధురముగాఁ బాడిన బాలుని "నీవు పాడినదానికి క్రియ యేది?" అని యడుగువా రుండరు.

ఇఁక నేర్పుక్రమమును విచారింతము. భావము స్వరమునకు ముందుండవలయునని పై చరిత్రమంతయుఁ జెప్పుచున్నది. కాన మొదటిపని పదచ్ఛేదము. సంధులు విప్పి బాలునిచేతనే పదములు విడివిడిగా వ్రాయింపవలయును. రెండవది యన్వయము. మన వ్యాఖ్యాతల ఖండాన్వయపద్ధతి దీని కెంతయుఁ దగినది: ముందు క్రియను బట్టుకొని, ఎవఁడు, ఎవనిని, ఎచ్చట, ఎట్లు అని యాకాంక్షలు వేయుచుఁ దక్కిన పదములను రాఁబట్టుట. మూఁడవది వక్తృశ్రోతృనిర్ణయము: ఈ మాట యెవరు, ఎవరితో, ఏ స్థితిలోఁ బలికిరి? ఇవి తెలిసిన పిదప విరామస్థలములను బాలుఁడే గుర్తించును. అటుపిమ్మట గురువు తాను జదివి వినిపింపవలయును, లయ కడపటిది. గురువు మొదటనే చదివి "ఇట్లు చదువుము" అనినచో బాలుఁడు గురువు గొంతును జదువును గాని గ్రంథమును జదువఁడు.

అర్థమునకై వేచియుండినచో బాల్యమున సులభమైన ధారణ చెడునని పండితు లాక్షేపింపవచ్చును. ధారణను విడువుమని నే ననుటలేదు. వేదమునందు సంహితాపాఠమునకుఁ దోడు పదపాఠమును, క్రమపాఠమును గలవు. ఋగ్వేదపదపాఠము శాకల్యకృతమని ప్రసిద్ధము. ధారణకుఁ బెట్టినపేరైన యా సంప్రదాయమే పదవిభాగమును విడువలేదు. వల్లెవేసిన పద్యమునకుఁ గొన్నాళ్లకైనఁ బదచ్ఛేదాన్వయములు చెప్పినచో ధారణ ఫలించును. చెప్పకున్నఁ బైని జెప్పిన బరువే మిగులును.

చిన్నపిల్లలకు మాత్రము సంభాషణములు గల కథలతో, వారు మాటాడు భాషకు దగ్గఱగా నున్న వచనముతో నారంభించుట మేలు. గ్రాంథికవాదులును వ్యావహారికవాదులును దక్కిన విషయములలో నెంత భిన్నులైనను నిందు నొక్కటి కావచ్చును. ఐదేండ్ల పిల్ల తల్లిని బిలుచుటయందు, తమ్ముని బెదరించుటయందుఁ, దాతను బ్రతిమాలుటయందు స్వరభేదములన్నియు నెఱుఁగును. పాణిని ప్లుతప్రకరణమున లెక్కించిన సందర్భములు దానికి నిత్యానుభవములు. అట్టి పిల్ల పుస్తకము చేతఁ బట్టినతోడనే యొక్క స్వరమునకుఁ గట్టువడుచున్నది. లేని గుణమును మన మలవఱుపవలసిన పని లేదు. ఉన్నదానిని బడిగడపకడఁ బోఁగొట్టకుండినఁ జాలును.

పరీక్షయు సులభమే. ఒక వాక్యమునిచ్చి, కోపించిన తండ్రి పలికినట్లును, సందేహించు మిత్రుఁడు పలికినట్లును జదివింపుఁడు. పిమ్మట నిచ్చట నేల నిలిచితివి, ఈ మాట నేల నొక్కితివి అని యడుగుఁడు. కారణము చెప్పఁగలిగినచో వాఁడు చదివినవాఁడు. చెప్పలేకున్న గొంతెంత యింపైనను మరల నన్వయము మొదలు చెప్పవలసినదే. దీనికిఁ బట్టు కాల మెక్కువ. దినమునకుఁ బది పద్యములు గాక యొక్కటియే నడచును. ఐనను నట్లు నడచిన పద్యము వానిది యగును.